మోసేవాళ్లు వెళ్లిపోయాక: పాపా చెట్టు, ఎబొనీషెల్ ఆల్చిప్ప

ఎబొనీషెల్ అనే మంచినీటి ఆల్చిప్ప పిల్లలు బతకాలంటే ఒక చేప ఉండాలి. ఏ చేప పడితే ఆ చేప పనికిరాదు, స్కిప్‌జాక్ హెర్రింగే కావాలి. అమెరికాలోని మిసిసిప్పీ నది ఎగువ భాగానికి ఆ చేప రావడం 1913 తర్వాత దాదాపుగా ఆగిపోయింది. అయోవా రాష్ట్రంలో కియోకక్ అనే ఊరి దగ్గర నదికి అడ్డంగా కట్టిన డ్యామ్ ఆ ఏడాదే పూర్తయింది. డ్యామ్ ఎగువన ఉన్న ఆల్చిప్పలు దాని వల్ల వెంటనే చచ్చిపోలేదు. నది అడుగున ఎప్పటిలాగే ఒండ్రులో సగం కూరుకుని, నీళ్లు లోపలికి పీల్చి వడకట్టి బయటికి వదులుతూ దశాబ్దాల పాటు బతికాయి. గుడ్లు కూడా పెట్టాయి. వాటి తర్వాతి తరం మాత్రం రాలేదు.

అదే నదుల ఒడ్డున, పెద్ద చెట్ల నీడలో పాపా అనే అడవి పండు చెట్టు పెరుగుతుంది. దాని కథ కూడా ఇలాగే మొదలవుతుంది. అంత లావు గింజలను మింగి దూరంగా మోసుకెళ్లిన పెద్ద జంతువులు ఉత్తర అమెరికాలో అంతరించి పదివేల ఏళ్లు దాటిపోయింది. అయినా పాపా చెట్టు పోలేదు. దక్షిణాన ఫ్లోరిడా ఉత్తర భాగం నుంచి పైన కెనడాలోని ఒంటారియో దక్షిణ కొస దాకా, పడమర నెబ్రాస్కా వరకు ఇప్పటికీ కనిపిస్తుంది.

చెట్టునీ ఆల్చిప్పనీ పోల్చడమేంటని అనిపించవచ్చు. ఒకటి ఎండను తిని బతుకుతుంది, మరొకటి నీళ్లలోని నాచును, సూక్ష్మజీవులను వడకట్టుకుని బతుకుతుంది. కానీ జీవితంలో ఎదురయ్యే అతి పెద్ద చిక్కు రెండింటికీ ఒకటే. పెద్దయ్యాక రెండూ ఉన్నచోటు నుంచి పెద్దగా కదలలేవు. పిల్లలను కొత్త చోటికి పంపాలంటే కాళ్లో రెక్కలో మొప్పలో ఉన్న వేరే ప్రాణి మీద ఆధారపడాలి. ఆ ప్రాణి లేకుండా పోయినప్పుడు ఒకటి ఎలా నిలబడింది, మరొకటి ఎందుకు నిలబడలేకపోయింది అన్నదే ఇక్కడ చూడాల్సిన సంగతి. ఏ జాతికి ముప్పు ఎంత దగ్గరగా ఉందో అంచనా వేసేవాళ్లకు ఈ జంట నేర్పేంత సూటిగా నేర్పే ఉదాహరణలు తక్కువ.

ముందు ఆల్చిప్ప సంగతి. మగ ఆల్చిప్ప తన వీర్యకణాలను నీళ్లలోకి వదిలేస్తుంది. ప్రవాహంలో కొట్టుకొచ్చిన ఆ కణాలు, కింది వైపు ఉన్న ఆడ ఆల్చిప్ప ఊపిరి కోసం పీల్చే నీళ్లతో పాటు దాని లోపలికి చేరతాయి. గుడ్లు ఆడదాని మొప్పల్లోనే ఫలదీకరణ చెంది అక్కడే లార్వాలుగా మారతాయి. వీటిని గ్లోకిడియా అంటారు. ఒక్కో లార్వా మిల్లీమీటరులో చిన్న భాగం ఉంటుంది. కంటికి ఆనీ ఆనని ఆ నలుసుకు కూడా అప్పటికే రెండు బుల్లి చిప్పలు, వాటిని మూసే ఒక కండరం ఉంటాయి. అది ఈదలేదు, పాకలేదు, తనంతట తాను వెతుక్కుని తినలేదు. దానికి చేతనైంది ఒక్కటే: ఏదైనా తగిలితే ఎలుకల బోనులా టక్కున మూసుకోవడం. అది మూసుకునే సమయానికి రెండు చిప్పల మధ్య చేప మొప్ప ఉంటే బతుకుంది. లేకపోతే కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది.

మొప్పను పట్టుకున్నాక కూడా గండం గడిచినట్టు కాదు. సరైన చేప అయితే దాని కణజాలం లార్వా చుట్టూ పెరిగి చిన్న తిత్తిలా కప్పేస్తుంది. ఆ తిత్తిలోనే కొన్ని వారాలు ఉండి, లార్వా కాస్తా అచ్చమైన బుల్లి ఆల్చిప్పగా మారి, తిత్తిని చీల్చుకుని నది అడుగుకు రాలిపోతుంది. ఎక్కడ రాలితే దాదాపుగా అదే దాని జీవితకాలపు చిరునామా. తప్పు చేప అయితే దాని రోగనిరోధక వ్యవస్థ ఆ లార్వాను పరాయిదిగా గుర్తుపట్టి కొద్ది రోజుల్లోనే వదిలించుకుంటుంది. ఒక ఆడ ఆల్చిప్ప ఒక్కో కాన్పులో వేల నుంచి లక్షల లార్వాలను వదలడానికి కారణం ఇదే. వాటిలో పెద్దయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఉత్తర అమెరికాలో దాదాపు 300 రకాల మంచినీటి ఆల్చిప్పలు ఉన్నాయి. సరైన చేపను దగ్గరికి రప్పించడానికి వాటిలో కొన్ని చేసే పనులు చూస్తే నోట మాట రాదు. లాంప్‌సిలిస్ జాతి ఆడ ఆల్చిప్పలు తమ ఒంటి అంచును చిన్న చేపపిల్ల ఆకారంలో పెంచుకుంటాయి. దానికి కన్నులాంటి మచ్చ, తోకలాంటి కొస కూడా ఉంటాయి. ఆ అంచును అవి నీళ్లలో ఆడిస్తాయి. ఆహారమనుకుని బాస్ చేప నోరు వేయగానే దాని నోటి నిండా లార్వాలు పడతాయి. స్నఫ్‌బాక్స్ అనే మరో రకం ఇంకా మొరటుది. రాళ్ల కింద వెతుక్కునే లాగ్‌పెర్చ్ చేప తలను రెండు చిప్పల మధ్య కాసేపు బిగించి పట్టుకుని, మొప్పల్లోకి లార్వాలను పంపి వదిలేస్తుంది. ఈ అద్భుతాలన్నీ కళ్లు లేని ప్రాణులు చేస్తున్నవే. తాను ఆడించే ఎర ఎలా ఉంటుందో ఆ ఆల్చిప్ప ఎప్పుడూ చూడలేదు.

ఎబొనీషెల్‌కు అలాంటి హంగులు లేవు. దాని లార్వాలు చిన్న ముద్దలుగా నీళ్లలోకి వస్తాయి. పెద్ద నదుల్లో, లోతైన ప్రవాహంలో బతికే జాతి ఇది. గుండ్రంగా, దళసరిగా, పైన నల్లగా ఉండే చిప్ప దాదాపు అరచేతిలో పట్టేంత పెరుగుతుంది. తెరిస్తే లోపల తెల్లగా మెరిసే ముత్యపు పూత. ఇది నమ్ముకున్న స్కిప్‌జాక్ హెర్రింగ్ వెండి రంగులో సన్నగా ఉండే చేప. మంచి ఈతగత్తె. వేటాడేటప్పుడు నీళ్లపైకి ఎగురుతుంది. వసంతంలో గుంపులుగా ఎగువకు వలస పోతుంది. ఒకప్పుడు మిసిసిప్పీ దిగువ నుంచి మిన్నెసోటా దాకా వెళ్లేది. నది పొడవునా కొత్త నీళ్లకు పిల్లలను చేర్చడానికి ఇంతకన్నా మంచి వాహనం దొరకదు. ఆ వలస మీదే మొత్తం పెట్టుబడి పెట్టేసిన జాతి ఎబొనీషెల్.

ఇక పాపా. బొప్పాయికి కూడా కొన్ని దేశాల్లో ఇదే పేరు ఉంది కానీ ఈ చెట్టుకు దానితో బంధుత్వం లేదు. ఇది సీతాఫలం కుటుంబానిది. ఆ కుటుంబంలో దాదాపు అన్నీ ఉష్ణమండలపు మొక్కలే. మంచు కురిసే చలికాలాన్ని తట్టుకుని అంత ఉత్తరాన బతకడం నేర్చుకున్నవి అరుదు. పెద్ద వృక్షాల కింద నీడలో పెరిగే చిన్న చెట్టు ఇది. ఆకులు మాత్రం అడుగు పొడవు దాకా ఉంటాయి. వసంతంలో ఇంకా ఆకులు పూర్తిగా రాకముందే ముదురు ఎరుపు పూలు తలలు వంచుకుని పూస్తాయి. వాటి వాసన తేనెటీగలను పిలిచే రకం కాదు, కాస్త పులిసిన వాసన. దానికి వచ్చేవి ఈగలు, పేడపురుగుల్లాంటి చిన్న పురుగులు.

పండు వేసవి చివర్లో పండుతుంది. అమెరికాలో సహజంగా పుట్టి పెరిగిన తినదగిన పండ్లలో పెద్దది ఇదే. అరకిలో దాకా తూగే కాయలూ ఉంటాయి. బయట ఆకుపచ్చ తొక్క మీద నల్ల మచ్చలు వస్తాయి. కోస్తే లోపల పసుపు గుజ్జు, మెత్తగా జారిపోతుంది. రుచి అరటిపండుకూ మామిడికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. గుజ్జులో రెండు వరుసలుగా నున్నటి గోధుమరంగు గింజలు, ఒక్కోటి రెండు సెంటీమీటర్ల పొడవున, చదునుగా, గట్టిగా ఉంటాయి. ఈ గింజ ఎండితే మొలకెత్తదు. తడిగా ఉండాలి, చలికాలమంతా చల్లగా గడవాలి, అప్పుడే మొలక వస్తుంది. పండు కోశాక రెండు మూడు రోజులకే పాడవుతుంది. పెద్ద మార్కెట్లలోకి ఇది రాలేకపోవడానికి ఆ ఒక్క గుణం చాలు.

ఇంత పెద్ద కాయ, ఇంత పెద్ద గింజలు, గాఢమైన వాసన, పండగానే నేలకు రాలే అలవాటు. ఇదంతా ఎవరి కోసం? పక్షులు మింగలేవు. 1982లో డేనియల్ జాన్‌జెన్, పాల్ మార్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మధ్య అమెరికా అడవుల గురించి రాస్తూ ఇలాంటి ప్రశ్నే వేశారు. ఎవరూ తినక చెట్టు కిందే కుళ్లిపోయే పెద్ద పండ్లను చూసి, వీటిని తినాల్సిన జంతువులు ఇప్పుడు లేవని తేల్చారు. ఏనుగు జాతికి చెందిన గాంఫోథీర్లు, నేల మీద తిరిగే భారీ స్లోత్‌లు ఆ పండ్లను గింజలతో సహా మింగి, దూరంగా పేడతో పాటు వదిలేవని వాళ్ల వాదన. ఆ తర్వాత మరికొందరు అదే ఆలోచనను ఉత్తర అమెరికా చెట్లకు, వాటిలో పాపాకు అన్వయించారు. ఏనుగులాంటి మాస్టొడాన్‌లు, స్లోత్‌లు ఇక్కడా ఉండేవి, మంచుయుగం ముగిసే కాలంలో పోయాయి.

పాపా విషయంలో ఇది పరోక్షమైన వాదనే, కానీ గాలిలో మేడ కాదు. ఫ్లోరిడాలో పేజ్-లాడ్సన్ అనే చోట నీటి అడుగున భద్రంగా మిగిలిన మాస్టొడాన్ పేడలో అడవి గుమ్మడి జాతి గింజలు దొరికాయి. ఆ జంతువులు గింజలను మోశాయనడానికి అది నేరుగా దొరికిన సాక్ష్యం. ఎలుగుబంట్లు, రాకూన్‌లు, ఒపోసమ్‌లు, నక్కలు ఇప్పటికీ పాపా పండ్లు తింటాయి, గింజలను కొంత దూరం చేరవేస్తాయి కూడా. కాబట్టి పాపాను పూర్తిగా అనాథగా చూపించే కథనాలు కాస్త అతిగా చెబుతున్నట్టే. ఒక్కసారికి బుట్టెడు పండ్లు మింగి మైళ్ల దూరం నడిచే జంతువు పోయింది. అంతకన్నా చిన్న మోత మోసేవాళ్లు మిగిలారు.

రెండింటి మధ్య అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది. పాపా తన మోత కూలీని పండు గుజ్జు రూపంలో ముందే ఇచ్చేస్తుంది. ఆ తీపి ఎవరికైనా తీపే. మాస్టొడాన్‌కు రుచించింది ఎలుగుకూ రుచిస్తుంది, రాకూన్‌కూ రుచిస్తుంది. గుజ్జు తిన్న జంతువు ఎవరన్న పట్టింపు గింజకు లేదు, పళ్ల కింద నలగకుండా ఉంటే చాలు. ఆల్చిప్ప కూలీ ఇవ్వదు. చేప శరీరంలోకి చొరబడి, దాని రోగనిరోధక శక్తిని తప్పించుకుని ప్రయాణిస్తుంది. అలా తప్పించుకోవాలంటే ఆ చేప ఒంటికి సరిగ్గా అమరాలి. ఒక చేపకు ఎంత బాగా అమరితే మిగిలిన చేపలకు అంత దూరమవుతుంది. కూలీ ఇచ్చేవాడు పనివాణ్ని మార్చుకోగలడు, దొంగతనంగా ఎక్కేవాడికి తెలిసిన బండి ఒక్కటే.

కియోకక్ డ్యామ్ వచ్చేసరికి ఎబొనీషెల్ అప్పటికే ఒక దెబ్బ తిని ఉంది. జర్మనీ నుంచి వచ్చిన జాన్ బోపుల్ అనే బొత్తాల పనివాడు 1891లో అయోవాలోని మస్కటీన్‌లో ఆల్చిప్పల నుంచి బొత్తాలు కోసే పని మొదలుపెట్టాడు. చిప్ప దళసరిగా ఉండాలి, తెల్లగా మెరవాలి, కోస్తే పెచ్చులూడకూడదు. ఎబొనీషెల్‌కు ఈ గుణాలన్నీ ఉన్నాయి. బొత్తాల వ్యాపారానికి అది అతి ముఖ్యమైన చిప్పల్లో ఒకటైపోయింది. 1905 నాటికి మస్కటీన్ ఒక్క ఊరే ఏడాదికి 150 కోట్ల బొత్తాలు తయారు చేసింది. ప్రపంచంలో అప్పట్లో తయారయ్యే బొత్తాల్లో మూడో వంతుకు పైగా అక్కడివే.

వాటిని పట్టే పద్ధతి కూడా చెప్పుకోవాలి. పడవకు ఒక పొడవాటి కడ్డీ, దానికి వరుసగా తాళ్లు, తాళ్లకు చిన్న చిన్న కొక్కేలు. పడవ దిగువకు జారుతుంటే కొక్కేలు నది అడుగున ఈడ్చుకుంటూ పోతాయి. నోరు తెరిచి నీళ్లు వడకడుతున్న ఆల్చిప్పకు కొక్కెం తగిలితే అది ప్రమాదమనుకుని గట్టిగా మూసుకుంటుంది. మూసుకున్నాక వదలదు. కడ్డీ పైకి లాగితే దానితో పాటే వచ్చేస్తుంది. లార్వాగా ఉన్నప్పుడు ప్రాణం నిలబెట్టిన ఆ ఒక్క చేష్టే పెద్దయ్యాక ప్రాణం తీసింది.

ఆల్చిప్పలు తరిగిపోతున్నాయని బొత్తాల ఫ్యాక్టరీల వాళ్లకే ముందు టెన్షన్ పట్టుకుంది. 1908లో అమెరికా కాంగ్రెస్ మస్కటీన్‌కు దగ్గర్లో ఫెయిర్‌పోర్ట్ అనే చోట ఒక జీవశాస్త్ర కేంద్రానికి అనుమతి ఇచ్చింది. చేపలను పట్టి, వాటి మొప్పలకు లార్వాలను అంటించి, మళ్లీ నదిలో వదలడం అక్కడి ప్రధానమైన పని. ఏ ఆల్చిప్పకు ఏ చేప కావాలన్న జ్ఞానంలో చాలా భాగం ఆ కాలంలో, ఆ పనిలోంచి వచ్చిందే. వ్యాపారం కోసం మొదలైన ఆ పరిశోధన జాతులను కాపాడే పనికి ఈనాటికీ పునాది. అంత పని జరుగుతున్న చోటుకు దిగువన, అదే నది మీద, అదే సంవత్సరాల్లో, కియోకక్ డ్యామ్ లేచింది.

ఇంజనీర్ హ్యూ కూపర్ ఆధ్వర్యంలో 1910లో పని మొదలై 1913లో ముగిసింది. జలవిద్యుత్ కోసం కట్టిన ఈ డ్యామ్ దగ్గర నీటి మట్టాల తేడా దాదాపు 11 మీటర్లు. ఎగువన తర్వాత కట్టిన చాలా డ్యామ్‌ల గేట్లు వరదల్లో పూర్తిగా ఎత్తేస్తారు, అప్పుడు చేపలు దాటిపోతాయి. ఇక్కడ అలా కుదరదు. మిగిలిన దారి లాక్ ఒక్కటే, అంటే పడవలను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి దాటించే గేట్ల తొట్టి. గుంపులుగా వలస వచ్చే చేపకు అది చాలదు. వేటలో మిగిలిన ఎబొనీషెల్‌లు తిరిగి పుంజుకోవాల్సిన సమయంలో వాటి పిల్లలను మోసే చేప రావడం ఆగింది. నేల కోతతో వచ్చిన ఒండ్రు, ఊళ్ల మురుగు కూడా నది మొత్తానికీ హాని చేశాయి, నిజమే. కానీ ఒకప్పుడు ఎగువ మిసిసిప్పీలో ఎక్కడ చూసినా ఉన్న ఒక జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోవడానికి, అదే జాతి డ్యామ్ దిగువన బతికి ఉండడానికి మధ్య తేడాను ఆ చేప వివరించినంతగా మరేదీ వివరించదు. మిన్నెసోటా ఇప్పుడు ఎబొనీషెల్‌ను తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో పెట్టింది. స్కిప్‌జాక్ మీదే ఆధారపడే ఎలిఫెంట్ ఇయర్ అనే మరో ఆల్చిప్పదీ అక్కడ అదే గతి.

పాపాకు మోసేవాళ్లు తగ్గినప్పుడు అది వేరు మీద ఆధారపడింది. దాని వేళ్లు నేలలో పక్కలకు పాకి, కొంత దూరంలో కొత్త పిలకలు వేస్తాయి. పిలక చెట్టవుతుంది, దాని వేరు మళ్లీ పిలక వేస్తుంది. అలా ఒకే గింజ నుంచి వచ్చిన చెట్టు పదుల కాండాలతో ఒక గుబురు అడవిగా మారిపోతుంది. ఏ జంతువు సాయమూ లేకుండా ఒకే చోట చాలా కాలం నిలదొక్కుకోవడానికి ఇది సరిపోతుంది. ఆకుల్లో, బెరడులో ఉన్న విషపదార్థాల వల్ల జింకలు దాన్ని దాదాపుగా ముట్టుకోవు. జింకలు విపరీతంగా పెరిగిన తూర్పు అమెరికా అడవుల్లో మిగతా మొలకలన్నీ మేతకు పోతుంటే పాపా గుబుర్లు విస్తరిస్తున్న చోట్లు ఉన్నాయి. ఆ విషాన్ని తట్టుకుని దాని ఆకు తినే జీబ్రా స్వాలోటెయిల్ సీతాకోకచిలుక గొంగళిపురుగు మాత్రం పాపా జాతి మొక్కలు తప్ప వేరే ఏదీ తినదు. అంటే ఎబొనీషెల్‌కు స్కిప్‌జాక్ ఎలాగో ఆ సీతాకోకచిలుకకు పాపా అలాగ. పాపా ఎవరి మీదా పూర్తిగా ఆధారపడలేదు కానీ దాని మీద పూర్తిగా ఆధారపడినవాళ్లు ఉన్నారు.

దానికి తోడు మనిషి వచ్చాడు. అమెరికా ఆదివాసులు ఈ పండు తినేవారు, తమతో తీసుకెళ్లేవారు. చెట్టు ఇంత విస్తారంగా పరుచుకోవడంలో వాళ్ల చెయ్యి ఉందని చాలామంది పరిశోధకులు భావిస్తారు. 1806 సెప్టెంబరులో పడమటి తీరం నుంచి తిరిగి వస్తున్న లూయిస్, క్లార్క్ అనే అన్వేషకుల బృందానికి మిస్సోరి నది మీద తిండి అయిపోయింది. అప్పుడు వాళ్లు ఒడ్డున దొరికిన పాపా పండ్లతోనే గడిపారని క్లార్క్ దినచర్యలో రాసుకున్నాడు. ఇప్పుడు కెంటకీ స్టేట్ యూనివర్సిటీ ఈ చెట్టు మీద ప్రత్యేక పరిశోధన నడుపుతోంది. 2009లో ఒహాయో దీన్ని తమ రాష్ట్ర స్థానిక పండుగా ప్రకటించింది. మాస్టొడాన్ ఖాళీ చేసిన స్థానంలోకి మనిషి తనకు తెలియకుండానే వచ్చి కూర్చున్నాడు. తీపి ఇచ్చే చెట్టును మనిషి మోశాడు. మెరిసే చిప్ప ఉన్న ఆల్చిప్పను మాత్రం బొత్తాలకు పట్టాడు. రెండూ మనిషికి నచ్చినవే. ఒకటి నచ్చడం వల్ల దాని గింజ ముందుకు వెళ్లింది, మరొకటి నచ్చడం వల్ల గర్భంతో ఉన్న తల్లే పోయింది. కాబట్టి మనిషికి ఉపయోగపడితే జాతి బతుకుతుందన్న మాటను గుడ్డిగా నమ్మడానికి లేదు. మనిషి వాడుకునేది ఆ ప్రాణి ఇవ్వదలుచుకున్న భాగమా, ప్రాణాన్నే తీసుకుంటున్నాడా అన్నది చూడాలి.

వేరుతో పాపా సంపాదించుకున్న భద్రతకు మూల్యం ఉంది. దాని పువ్వు తన పుప్పొడితో సాధారణంగా కాయ కట్టదు, జన్యుపరంగా వేరే చెట్టు పుప్పొడి కావాలి. ఒక గుబురులో నలభై కాండాలు ఉన్నా అవన్నీ ఒకే చెట్టైతే, పూలు విరగబూసినా కాయలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవతలి గుబురు నుంచి ఓ ఈగ వచ్చి వాలితేనే పండు. ఇలాంటి చిక్కే ఆల్చిప్పకూ ఉంది. మగది వదిలిన వీర్యకణాలు ప్రవాహంలో పలచబడి పోకముందే ఆడదాన్ని చేరాలి. గుంపుగా ఉన్నప్పుడు అది సమస్య కాదు. గుంపు చెదిరి, ఒక్కో ఆల్చిప్ప ఒక్కో చోట మిగిలిపోతే, చేప తిరిగి వచ్చినా దాని మొప్పకు అంటించడానికి లార్వాలే ఉండవు.

ఈ కారణం వల్లే పెద్దవాటిని లెక్కపెట్టి జాతి బాగుందని చెప్పడం ప్రమాదకరం. సర్వేల్లో ఎక్కువగా కనిపించేవి, లెక్కకు సులభంగా దొరికేవి పెద్దవే. నది అడుగున వంద ఎబొనీషెల్‌లు దొరికాయంటే ఎవరికైనా సంతోషం వేస్తుంది. ఆ వందా డ్యామ్‌కు ముందు పుట్టినవైతే, అది వంద కాదు, సున్నాకు చేరుతున్న లెక్క. చెట్టు కాండంలో లాగే ఆల్చిప్ప చిప్ప మీద కూడా ఏడాదికో వలయం ఏర్పడుతుంది, వాటిని బట్టి వయసు అంచనా వేయొచ్చు. దిగువ ఒహాయో నదిలో ఎబొనీషెల్‌ను పరిశీలించినవాళ్లకు ఒక విశేషం కనిపించింది. అక్కడ 1981లో పుట్టిన పిల్లల తరం మిగతా ఏళ్ల తరాలకన్నా ఎంతో పెద్దది. ఏటా కొంచెం కొంచెంగా కాకుండా, నీరు, చేప, కాలం అన్నీ కలిసొచ్చిన ఏడాది ఒక్కసారిగా పిల్లలు నిలదొక్కుకునే జాతి ఇది. దశాబ్దాల పాటు బతకడం వల్ల మంచి ఏడాది కోసం ఆగగలదు. ఆ ఓపికే దాని బలం. నష్టం కంటికి కనిపించకుండా దాచేది కూడా ఆ ఓపికే. ఏడాదికి చచ్చిపోయే పురుగుకు ఇదే దెబ్బ తగిలి ఉంటే మరుసటి ఏడాదే అందరికీ తెలిసేది.

పాపా గుబురులోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. దట్టంగా పెరిగిన గుబురును చూసి వంద చెట్లు అనుకుంటాం. జన్యుపరీక్ష చేస్తే అవి మూడో నాలుగో కావచ్చు. కొత్త రోగం వస్తే, వాతావరణం మారితే నిలబడేది కాండాల సంఖ్యను బట్టి కాదు, జన్యువుల వైవిధ్యాన్ని బట్టి. అందుకే సర్వే ఏదైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని ఉన్నాయి అని కాదు. చిన్నవి ఎన్ని ఉన్నాయి, వేరువేరువి ఎన్ని ఉన్నాయి అని. ఈ ప్రశ్న ఆలస్యంగా అడిగితే ఏమవుతుందో 2023 అక్టోబరులో తేలింది. అమెరికా ప్రభుత్వం ఒకేసారి 21 జాతులను అంతరించినవిగా ప్రకటించి రక్షణ జాబితా నుంచి తీసేసింది. వాటిలో ఎనిమిది మంచినీటి ఆల్చిప్పలే.

ఎబొనీషెల్‌కు ఇంకా దారి మూసుకుపోలేదు. దిగువ నదుల్లో అది బతికే ఉంది, పిల్లలూ పుడుతున్నారు. చేపలకు లార్వాలను అంటించి చిన్న ఆల్చిప్పలను పెంచే పద్ధతి ఫెయిర్‌పోర్ట్ రోజుల కన్నా ఎంతో మెరుగుపడింది. విస్కాన్సిన్‌లోని జెనోవా చేపల కేంద్రం హిగిన్స్ ఐ అనే మరో ఆల్చిప్పను అలాగే పెంచి నదిలో వదిలింది. 1980ల నుంచి చేప లేకుండానే, ప్రయోగశాలలో పోషక ద్రవంలో లార్వాలను పెంచే పద్ధతులూ వచ్చాయి. స్కిప్‌జాక్ తొట్టిలో బతకడం కష్టమైన సున్నితమైన చేప కాబట్టి ఎబొనీషెల్ విషయంలో ఈ రెండో దారికి విలువ ఎక్కువ. కానీ పెంచి వదిలిన పిల్లలు పెద్దవై కన్న లార్వాలను మళ్లీ ఎవరు మోస్తారు? చేప రాని నదిలో ప్రతి తరాన్నీ మనిషే మోయాలి.

అందుకని డ్యామ్ పక్కన చేపలకు దారి కట్టాలన్న మాట సహజంగానే వస్తుంది. మిసిసిప్పీ మీద దిగువన ఉన్న 22వ నంబరు డ్యామ్ దగ్గర అలాంటి దారిని అమెరికా ఆర్మీ ఇంజనీర్ల విభాగం చేపట్టింది. కియోకక్ దగ్గర మాత్రం చిక్కు వేరు. ఆసియా నుంచి తెచ్చిన బిగ్‌హెడ్, సిల్వర్ కార్ప్ చేపలు తప్పించుకుని మిసిసిప్పీ దిగువంతా నిండిపోయాయి. అవి నీళ్లలోని సూక్ష్మజీవులను తోడేసి స్థానిక చేపల, ఆల్చిప్పల తిండికి పోటీ వస్తాయి. వాటిని ఎగువకు పోకుండా ఎక్కువగా ఆపుతున్నది స్కిప్‌జాక్‌ను ఆపిన అదే కియోకక్ గోడ. 2021లో అక్కడి లాక్ దగ్గర నీటి అడుగున శబ్దాలు పుట్టించి కార్ప్‌లను వెనక్కి మళ్లించే పరికరాన్ని ప్రయోగాత్మకంగా అమర్చారు. ఇప్పుడు అక్కడ గోడ పగలగొట్టమనడం తొందరపాటే. వలస కాలంలో స్కిప్‌జాక్‌ను పట్టి, లార్వాలు అంటిన వాటిని మనుషులే గోడ దాటించి వదలడం, కార్ప్‌లను ఏరి పక్కకు తీసే వీలున్న దారి కట్టడం సాధ్యమైన పనులు. ఖర్చు ఉంటుంది, ఏటా చేయాల్సి ఉంటుంది. ఎగువన వాటిని అందుకోవడానికి మిగిలిన ఎబొనీషెల్‌లు చాలా కొద్ది, అన్నీ ముసలివి. దిగువ నుంచి పెద్ద ఆల్చిప్పలను కూడా తెచ్చి, ఒకదానికొకటి దగ్గరగా, వీర్యకణాలు చేరేంత దూరంలో గుంపుగా పెట్టడం దీనికన్నా ముందు జరగాలి.